గంట ఆగి తాగండి

తెల్లారగట్ల లేచి ఫ్లాస్కు నిండా చిక్కటి టీ పోసి, ఐరన్ మాత్ర కాగితంలో చుట్టి చేపలమ్మే అత్త గంగాలమ్మ చేతిలో పెట్టడం సాయిదుర్గ పని. ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం మొదలయ్యేలోగా ఆ పెద్దావిడ మాత్రని టీతోనే గుటుక్కున మింగేసేది. రెండేళ్ళుగా మింగుతోంది, ఒంట్లో రక్తం తొమ్మిది పాయింట్లు దాటితే ఒట్టు. తప్పు ఎవరిది? ఇంకెవరిది, కోడలిదే! "మాయమ్మకి రగతం ఎందుకెక్కట్లేదు? సరిగ్గా పెడతన్నావా నువ్వు?" అని మొగుడు నాగబాబు కంచం ముందు కూర్చుని మరీ అడిగేవాడు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, ఇంటిల్లిపాదికీ వండి, సబ్బవరం దగ్గరి పళ్ళ టీల కంపెనీ ల్యాబుకి బస్సెక్కి పోయే మనిషికి ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. నిజంగానే సరిగ్గా పెట్టడం లేదేమో అని తననే అనుమానించుకుని, తన వాటా చేపముక్క కూడా అత్త కంచంలో వేసేది.

ఇవాళ ల్యాబులో కంపెనీ కొత్తగా తెస్తున్న జామ టీని పరీక్షిస్తోంది. వగరునిచ్చే పాలీఫినాల్స్ బోలెడు, యాంటీ ఆక్సిడెంట్లు బ్రహ్మాండం. మరి తిండిలో ఇనుము ఒంటికి అందనిస్తుందా? సంచిలో అత్త కోసం కొన్న మాత్రల అట్ట ఉంటే, ఒకటి నూరి ముందు మామూలు టీలో వేసింది. చూస్తుండగానే అది సిరాలా నల్లబడింది. సాయిదుర్గ గబగబా కొలతలు తీసింది. మంచినీళ్ళతో అందే ఇనుము నూరుపాళ్ళనుకుంటే, టీతో నలభైకి పడిపోయింది. జామ టీలో, పండులోని సి విటమిన్ పుణ్యమా అని, అరవైకి లేచింది గానీ నూరు కాలేదు. మేలు చేసే ఆ పాలీఫినాల్సే ఇనుముని పట్టుకుని వదలడం లేదన్నమాట! మూడుసార్లు చేసింది, మూడుసార్లూ అంతే. ఒక్కతే నిలబడి చప్పట్లు కొట్టుకుంది. తప్పు తన వంటది కాదు, తనది కాదు. మాత్రకీ టీకీ మధ్య ఓ గంట ఎడం ఉంటే చాలు.

ఆగలేక నాగబాబుకి ఫోన్ చేసి, గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పేసింది.

"అయితే రెండేళ్ళబట్టీ టీ పోసి మాయమ్మ రగతం సెడగొట్టింది నువ్వేనన్నమాట," అన్నాడు నాగబాబు.

కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఈ మనిషి చేత మంచి కోడలివని అనిపించుకోవడానికా ఇన్నాళ్ళూ తన చేపముక్క వదులుకుంది? ఆ మెప్పు అక్కర్లేదనుకోగానే ఒళ్ళు తేలికైపోయింది. ఇందాకటి సంతోషం ఇసుమంత కూడా తగ్గలేదు సరికదా, రెట్టింపయింది. ఫోన్ పెట్టేసింది.

అంతలో మేనేజర్ గుణశేఖర్ జామ టీ పొట్లం నమూనా తెచ్చి బల్లమీద పెట్టాడు. 'రక్తం పెంచే టీ. రోజూ భోజనంతో తాగండి' అని పెద్ద పెద్ద అక్షరాలు. ల్యాబు సంతకం పడితే అచ్చుకి పోతుంది. సాయిదుర్గ కొలతలు చూపించి, ఆ రెండు వాక్యాలూ అడ్డంగా కొట్టేసి, 'భోజనంతో గానీ ఐరన్ మాత్రతో గానీ వద్దు. గంట ఆగి తాగండి' అని రాసి, దాని కింద సంతకం పెట్టింది.

గుణశేఖర్ మొహం మాడిపోయింది. "టీ అమ్ముకునేవాళ్ళం టీ తాగొద్దని రాస్తామా అమ్మా? ఆడవాళ్ళు ఎగబడి కొనాల్సిన సరుకిది."

"ఆడోళ్ళు కొంటారనే రాసినాను సార్."

"పైవాళ్ళు ఊరుకోరు. నీ ఉద్యోగానికే ముప్పు. తొందరపడకు, ఇంటికెళ్ళి మీ ఆయన్ని ఓ మాట అడిగి రేపు రా."

సాయిదుర్గ పెన్నుకి మూత పెట్టింది.

"ఆయనకి కెమిస్ట్రీ రాదు సార్," అంది.