ఆపే మీట ఎక్కడుంది

గిన్నెలు కడుగుతుంటే మా ఆయన వెనకాల నిలబడి కాఫీ తాగుతూ అన్నాడు, "పొయ్యికున్న ఏ మీట ఏ మంటదో తయారుచేసినవాడికే తెలియదంటావ్! బాగా రాశావ్."

చేతులకు నురగ అలాగే ఉండిపోయింది. ఆ వాక్యం నాదే. కానీ బ్లాగులో పెట్టలేదు. నిన్న బస్సులో ఫోన్లో రాసి, నచ్చక సగంలో వదిలేసింది.

"ఎక్కడ చదివారు?"

"నీ బ్లాగులోనే. ఇంకెక్కడ?" కప్పు సింకులో పడేసి వెళ్లిపోయాడు.

నా ఉద్యోగమేమిటో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. అత్తగారైతే చుట్టాలకి "కంప్యూటర్లో బొమ్మలు వేస్తుంది" అని చెబుతారు. నేను యూజబిలిటీ డిజైనర్ని. కొత్త యాప్ తయారైతే ముక్కూమొహం తెలియని మనిషినొకరిని పిలిచి, ఫోన్ చేతికిచ్చి, పక్కన నోరు మూసుకుని కూర్చుంటాను. వేలు ఎక్కడ ఆగింది, ఎక్కడ తడబడింది, ఎక్కడ "నాకంత తెలివి లేదండీ" అని సిగ్గుపడ్డారు, అన్నీ రాసుకుంటాను. "తప్పు మీది కాదండీ, మేం చేసినదానిది" అని పదకొండేళ్లుగా ఎంతమందికి చెప్పి ఉంటానో. ఆ మాట ఇంట్లో నాకెవరూ చెప్పలేదు. కుళాయి తిప్పగానే వేణ్ణీళ్లు మీద పడితే "చూసుకోవద్దూ?" అంటారు. ఆఫీసులో నా రిపోర్టులు మేనేజర్ నోట మెరుస్తాయి. ఇంట్లో నేను మొదలుపెట్టిన వాక్యాన్ని ఇంకెవరో ముగిస్తారు. మొదటి నుంచి చివరిదాకా నాదే అయిన ఒక్క వాక్యం కోసం బ్లాగు మొదలుపెట్టాను. తలుపులు, కుళాయిలు, ఆస్పత్రి ఫారాలు, వీటి గురించే. "కూర మాడకుండా చూడ్డం రాదుగానీ, లోకంలో వస్తువులన్నిటికీ వంకలు పెడుతుందట" అన్నారు అత్తగారు. నిజమే కదా అని నవ్వొచ్చి, దాన్నీ రాశాను.

ఆ రోజు ఆఫీసులో "కుటుంబ రక్షణ" యాప్ కొత్త రూపానికి పరీక్ష. దాన్ని ఒకరి ఫోన్లో వేస్తే వాళ్లెక్కడున్నారో, ఏం టైప్ చేస్తున్నారో ఇంకొకరి ఫోన్లో కనిపిస్తుంది. పిల్లల క్షేమం కోసమట. పైకి మాత్రం బ్యాటరీ బొమ్మలా ఉంటుంది. "ఆపు" అనే మీటను ఐదు తెరల వెనక్కి నెట్టమని మేనేజర్ చెబితే నెట్టింది నేనే. ఎందుకని అడగలేదు. పిల్లలు ఆపేసుకుంటారని కాబోలు అనుకున్నాను. అలా అనుకోవడం సులువుగా ఉంది.

పరీక్షకు ఒక నర్సు వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చిందేమో, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "దీన్ని ఆపండి" అన్నాను. పన్నెండు నిమిషాలు వెతికినా దొరక్క తలెత్తింది.

"ఇది పెద్దవాళ్ల ఫోన్లలో కూడా వేస్తారాండీ?"

"వేయొచ్చు."

"నేను ఏ బస్సెక్కానో మా ఆయనకి ముందే తెలిసిపోతుందండీ. ఎలా తెలిసిందని అడిగితే 'నువ్వే చెప్పావ్, నీకు మతిమరుపు' అంటాడు." బ్యాగులోంచి తన ఫోన్ తీసి నా ముందు పెట్టింది. మూడో వరసలో బ్యాటరీ బొమ్మ.

ఆపి చూపిస్తానని చెయ్యి చాపాను. చటుక్కున ఫోన్ వెనక్కి లాక్కుంది. "ఇప్పుడొద్దండీ. ఆపితే ఇంటికెళ్లాక ఏమవుతుందో మీకు తెలీదు. ముందు ఎక్కడికెళ్లాలో చూసుకోవాలి. ఆపే దారి మాత్రం చెప్పండి." చెప్పాను. అరచేతిలో పెన్నుతో రాసుకుంది.

మేనేజర్ రిపోర్టు చూసి, "పన్నెండు నిమిషాలా? భేష్! దొరక్కపోవడమేగా మనకు కావాల్సింది" అన్నాడు.

సీట్లో కూర్చుని నా ఫోన్ తీశాను. వెతకాల్సినంత పని కూడా లేదు, అదే బ్యాటరీ బొమ్మ ఉంది. నా ఫోన్లోనూ ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆరు నెలల కింద "నీ ఫోన్ నెమ్మదించింది, ఇటివ్వు, బాగుచేస్తా" అని ఒక ఆదివారమంతా ఆయన దగ్గరే పెట్టుకున్నాడు. ఎంత శ్రద్ధో అని మురిసిపోయాను కూడా. ఆ తరవాత అన్న మాటలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. "చెప్పుల షాపు ముందు అంతసేపేం చేశావ్?" "మీ అమ్మకి నా మీద చాడీలు రాయడం తగ్గించు." ప్రతిసారీ నేనే ఎప్పుడో నోరు జారి ఉంటానని నన్ను నేనే తిట్టుకున్నాను. అద్దంలో నా మొహాన్ని కూడా అనుమానంగా చూసుకున్న రోజులున్నాయి.

మీట నొక్కగానే అవతలి ఫోనుకి కబురు వెళుతుంది. అది ఏ మాటల్లో వెళ్లాలో రాసిందీ నేనే: "మీ కుటుంబ సభ్యులు మీ రక్షణ దాటి వెళ్లారు."

ఆఫీసు ఫోన్ నుంచి, ఒకప్పుడు నాతో పనిచేసిన స్నేహితురాలికి చేశాను. మా ఆయనకి ఆమె పేరు కూడా తెలియదు.

"కొన్నాళ్లు మీ ఇంట్లో ఉండనా?"

"గొడవైందా?"

"ఇంకా కాలేదు."

"వచ్చెయ్" అంది.

ఆఫీసు కంప్యూటర్లోనే బ్లాగు తెరిచాను. ఐదు తెరలూ ఏ వరసలో దాటాలో రాశాను. ఆపే ముందు వెళ్లే చోటు చూసుకోమని రాశాను. ఆ మీటను దాచింది నేనేనని కూడా రాశాను. రేపటికి ఈ కుర్చీ నాది కాదని తెలుసు. అయినా పోస్టు చేసి, బ్యాగు తీసుకుని, ఎప్పుడూ ఎక్కని బస్సెక్కాను. మూడు స్టాపులు దాటాక, ఒక్కో తెరా దాటి మీట నొక్కాను.

నిమిషం తిరక్కుండా ఫోన్ మోగింది. ఎత్తాను.

"ఎక్కడున్నావ్?" అన్నాడు మా ఆయన.

ఆరు నెలల్లో మొదటిసారి, నిజంగా తెలియక అడిగాడు.