పాస్టర్ కాంబీ ముందు చక్రం

"పాస్టరొచ్చే యేళైంది, బండి కిందనించి లెగే," అంది అత్త వంటింటి గుమ్మంలోంచి. "ఆడు తొంగుంటాడు."

ఆడంటే యూజీన్, మర్టిల్ మొగుడు. సీ కౌ లేక్ పేటలో ఆ ఇంటి వెనక షెడ్డుకి ఎవరు బండి తెచ్చినా ఇదే పద్ధతి. పని మర్టిల్ చేస్తుంది. బండి యజమాని వచ్చే వేళకి గ్రీజు వదిలేలా చేతులకి సబ్బూ చక్కెరా రుద్దుకుని లోపలికి పోతుంది. యూజీన్ గ్రీజు డబ్బాలో వేళ్లు ముంచి, నుదుటి మీద కాస్త పూసుకుని, బండి కింద పడుకుంటాడు. అతను పనిచేసే చెప్పుల ఫ్యాక్టరీ మూతపడ్డాక మొదలైన ఏర్పాటిది. బస్సుల షెడ్డులో తండ్రి వెనక తిరిగి నేర్చుకున్న పనిని ఆమె మొగుడి పేరున చేస్తోంది. మొదట్లో దాన్ని ప్రేమే అనుకుంది, కుంగిపోయిన మనిషికి ఆసరా అనుకుంది. "దేవుడు నాకీ చేతులిచ్చాడు" అని అతను చర్చిలో సాక్ష్యం చెప్పినరోజు, ఆడవాళ్ల వరసలోంచి ఆమెన్ అన్న గొంతు తనదేనని ఆమెకి కాసేపటిగ్గానీ తెలియలేదు. తనలో ఎవరో తనకి చెప్పకుండా ఇల్లు ఖాళీ చేసి పోయినట్టనిపించింది.

పాస్టర్ డెన్నిస్ గారి కాంబీ వ్యానుకి ముందు చక్రాల్ని పట్టి ఉంచే బాల్ జాయింట్ల మీది రబ్బరు తొడుగులు చిరిగాయి. అవి మార్చమన్నాడు. రేపు ముసలివాళ్లు అందరికన్నా ముందుగా ఓటు వేసే రోజు. డార్నల్ ఊరినించి చర్చి అవ్వలందర్నీ ఆ కాంబీలోనే తీసుకెళ్లాలి. మర్టిల్ చక్రం విప్పి, జాయింటు విడదీసి, చిరిగిన రబ్బరు ఊడదీసింది. లోపల గ్రీజుకి బదులు తుప్పునీళ్లు, ఇసక. జాయింటు మంచిదైతే దాని పిన్ను బలంగా నెడితేగాని కదలదు. ఇది చిటికెనవేలు తగిలితేనే వేలాడిపోయింది.

"రబ్బరు కాదు, జాయింటే పోయింది. దారిలో ఊడితే చక్రం పక్కకి పడిపోద్ది," అంది షెడ్డు గుమ్మంలో నిలబడ్డ యూజీన్‌తో.

"నెల కిందట నేనే చూసి ఫస్ట్ క్లాస్ అని చెప్పాను పాస్టర్‌కి. ఇప్పుడు పోయిందంటే నా మొహం ఏటవుద్ది? కొత్త రబ్బరు తొడిగెయ్. ఆయన చూసేది రబ్బరే."

"అందులో ముసలాళ్లు కూకుంటారు."

"నీ నోట ఎప్పుడూ చావు మాటే, మర్టిల్. లోపలికి పో."

కొత్త తొడుగు నల్లగా నిగనిగలాడుతోంది. తొడిగితే ఎంత ముచ్చటగా ఉంటుందో ఆమెకి తెలుసు. అతని తాగుడుకి జ్వరమని పేరు పెట్టి చర్చిలో ప్రార్థన చేయించింది తనే. చెంప వాచినరోజు పంటినొప్పి అన్నదీ తనే. ఎవరూ అడక్కముందే కప్పిపెట్టడం ఆమెకి బాగా చేతనైన పని. ఈసారి ఆ పని చెయ్యడానికి లోపల ఎవరూ లేచి రాలేదు. భయం కూడా రాలేదు. అదే ఆమెని భయపెట్టింది.

గేటు చప్పుడైంది. అత్త "లెగే!" అని పళ్లు నూరింది. మర్టిల్ లేచింది గాని లోపలికి పోలేదు.

"ఏమ్మా సిస్టర్, మా బ్రదర్‌కి అందిస్తున్నావా పనిముట్లు?" అన్నాడు పాస్టర్ నవ్వుతూ. "పాపం ఆడకూతుర్నీ వదల్లేదు, యూజీన్."

"ఇది పట్టుకుని ఊపండి, పాస్టర్," అంది ఆమె.

ఆయన వంగి పిన్ను ఊపాడు. అది గంటలో నాలుకలా అటూ ఇటూ ఆడింది. నవ్వు ఆగిపోయింది.

"ఏంటిది, యూజీన్? బాగుందన్నావే."

"ఈమె ఏదో కెలికింది, పాస్టర్. ఆడోళ్ల చెయ్యి పడితే అంతే. టూ మినిట్స్, నేను బిగించేస్తాను."

మర్టిల్ స్పానర్ తీసి అతని చేతిలో పెట్టింది.

"బిగించు. నేను ముట్టను."

పాస్టర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. యూజీన్ మోకాళ్ల మీద కూర్చుని, నేల మీద పరిచిన నట్లవైపూ, విడిపోయిన జాయింటువైపూ చాలాసేపు చూశాడు. తర్వాత తల ఎత్తకుండానే, "ముందు ఏది పెట్టాలి?" అన్నాడు మెల్లగా.

పరాయి మనిషి ఎదుట అతను ఆమెని ఒక మాట అడగడం అదే మొదలు. ఆమె గ్రీజు చేతులు దాచుకోకుండా ఒక అడుగు వెనక్కి జరిగింది.