తల ఒకరికి, కాళ్లు ఒకరికి

ఆ వీధిలో పాత కుట్టుమిషన్లు బాగుచేసే పెద్దమనిషిని అందరూ ఆగండాగండిగారనే పిలుస్తారు. ఎవరేం తెచ్చినా, ఏం అడిగినా ముందు ఆయన నోట్లోంచి వచ్చేది ఆ మాటే మరి. "ఇది బాగవుతుందాండీ?" "ఆగండాగండి." "టీ తాగుతారా?" "ఆగండాగండి." పెళ్లికి ఒప్పుకుంటారా అని అడిగినప్పుడు కూడా అదే అన్నాడని ఆయన భార్య ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

అలాంటాయన కొట్టుకి ఒకరోజు ఓ పెద్దావిడ దుప్పట్లో ఏదో మోసుకుంటూ, ఆయాసపడుతూ వచ్చింది. బల్లమీద దించి దుప్పటి విప్పింది. లోపల నల్లటి పాతకాలపు మిషన్ తల. తలంటే సూదీ, చక్రం ఉండే పైభాగం. స్టాండు లేదు, బెల్టు లేదు, అడుగున దారం పట్టుకుని తిరిగే షటిల్ అసలే లేదు.

"మొండెం లేని తల తెచ్చారేంటండీ?"

"అదో పెద్ద కథలెండి. మా అమ్మది ఇది. అమ్మ పోయాక చెల్లెలికే ఇచ్చేయమన్నాను, చిన్నది ముచ్చటపడుతుందని. అదేమందో తెలుసా? 'నీ జాలి నాకేం అక్కర్లేదు, నువ్వే తీసుకో' అంది. నాకు ఒళ్లు మండదూ? 'నాకొద్దు, నువ్వే తీసుకో' అన్నాను. మాటా మాటా పెరిగింది. మా బాబాయి ఒకడున్నాడు, మహానుభావుడు. గొడవెందుకు, సమానంగా పంచేస్తే సరి అని తల నాకూ, కాళ్లు దానికీ ఇచ్చాడు. పంపకం భేషుగ్గా చేశానని మా ఇంట్లోనే కడుపారా భోంచేసి మరీ వెళ్లాడు. అప్పట్నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు."

"మరిప్పుడేం చేద్దామని?"

"దీనికి ఎక్కడైనా పాత స్టాండు చూసి, లేని సామానంతా వేయించి, నిండుగా చేసి దానింటికి పంపిస్తాను. అప్పుడు తెలుస్తుంది దానికి, నేను జాలిపడి ఇచ్చానో మనసుపడి ఇచ్చానో! బాగుచేయించడం దండగో కాదో మీరు చెప్పండి చాలు."

గట్టిగానే అంది గానీ, చెయ్యి మాత్రం కొంగుతో మిషన్ మీది దుమ్ము మెల్లగా తుడుస్తూనే ఉంది. ఆగండాగండిగారు పట్టించుకోనట్టే చక్రం తిప్పి చూశాడు. ఇనుముకి ఏ రోగమూ లేదు. కానీ ఇంత పాతరకానికి షటిల్ దొరకడం కల్ల. షటిల్ లేకపోతే కుట్టు పడదు, బట్టకి చిల్లులు పడతాయంతే. ఉన్నదున్నట్టు చెప్పాలంటే శుద్ధ దండగ. మిషన్ల సంగతిలో ఆయన మొహమాటానికి కూడా అబద్ధం చెప్పే రకం కాదు.

"ఆగండాగండి. ఉంచి వెళ్లండి, చూస్తాను," అన్నాడు.

కొన్నాళ్లకే మరొకావిడ తోపుడుబండి మీంచి స్టాండు ఒకటి దింపించింది. కాళ్లతో తొక్కే పెడలూ, పక్కన సొరుగూ అన్నీ ఉన్నాయి. తల ఉండాల్సిన చోట మాత్రం బోసి. ఈవిడది గడగడా మాట్లాడే నోరు.

"మా అక్కనే తీసుకోమన్నానండీ, అమ్మ దగ్గర పని నేర్చుకున్నది అదే కదా అని. ఒప్పుకుంటేనా! 'చిన్నదానివి, నువ్వుంచుకో' అంటుంది. నేనేమన్నా పాలు తాగే పిల్లనా? మీరు దీనికో పాత తలకాయ చూసి బిగించండి. నేనే దగ్గరుండి తీసుకెళ్లి దాని గుమ్మంలో దింపేసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా తిరిగొచ్చేస్తాను. దీనిమీద ఖర్చు పెట్టొచ్చా, దండగంటారా?"

అని ముక్కు చీదుకుని జలుబు చేసిందంది. జలుబూ లేదు, గిలుబూ లేదు.

ఆగండాగండిగారు సొరుగు లాగాడు. బాబిన్ల మధ్య షటిల్ భద్రంగా పడుకుని ఉంది. లోపల దుప్పట్లో చుట్టిపెట్టిన తల ఆయనకి చటుక్కున గుర్తొచ్చింది. ఈవిడకీ అదే జవాబు చెప్పి పంపేసి, ఇంటికెళ్లి అన్నం కలుపుతూ భార్యకి మొత్తం చెప్పాడు.

"పరాయి అక్కచెల్లెళ్ల మధ్య దూరకండి. ఇద్దరూ ఏకమై మిమ్మల్ని ఉతికి ఆరేస్తారు," అందావిడ.

"ఆగాగు. విడివిడిగా చూస్తే రెండూ దండగే. ఆ నిజం చెప్పాననుకో, చెరో సగం మోసుకుని పోతారు. ఇంక ఈ జన్మలో ఒకరి మొహం ఒకరు చూసుకోరు. చెప్పకుండా ఇద్దర్నీ పిలిస్తే నా కొట్లోనే మాట్లాడుకుంటారు."

"మాట్లాడుకోరు, కొట్టుకుంటారు."

అయినా ఆయన ఆగలేదు. కిరసనాయిలుతో తుప్పు కడిగాడు, కొత్త బెల్టు వేశాడు, తలనీ కాళ్లనీ కలిపాడు. గుడ్డముక్క పెట్టి తొక్కితే కుట్టు చక్కగా పడింది. ఇద్దర్నీ ఒకే రోజు, ఒకే వేళకి రమ్మని కబురంపాడు.

అక్క ముందొచ్చింది. స్టాండు మీద చెయ్యేసి, "ఇది... ఈ చెక్క..." అంటూ ఆగిపోయింది. ఈలోగా గుమ్మంలో చెల్లెలు. ఆగండాగండిగారు మెల్లగా బల్లవెనక్కి జరిగాడు.

"చిక్కిపోయావేంటే," అంది అక్క.

"నువ్వు మాత్రం? మోకాళ్లెలా ఉన్నాయి?"

"ఉన్నాయిలే."

ఆగండాగండిగారికి కళ్లు చెమర్చాయి. తన తెలివికి తానే మురిసిపోయాడు. ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు.

"సరే, బాగైందిగా. ఇంక ఇంటికి తీసుకెళ్లు," అంది అక్క.

"నాకెందుకు? నువ్వే తీసుకెళ్లు."

"చిన్నదానివి..."

"అదిగో, మళ్లీ జాలి!"

"జాలి కాదే మొద్దూ, ప్రేమ!" అని వీధి చివరిదాకా వినపడేట్టు అరిచింది అక్క.

"ప్రేమైతే నువ్వే ఉంచుకో!" అని అంతకంటే గట్టిగా అరిచింది చెల్లెలు. "ఏమండీ, ఈవిడతో నావల్ల కాదు. విప్పేయండి! ఎవరి సగం వాళ్లకిచ్చేయండి!"

"ఆఁ, విప్పేయండి!" అంది అక్క. ఇద్దరికీ కుదిరింది ఆ ఒక్క మాట మీదే.

ఆగండాగండిగారు స్క్రూడ్రైవరు తీసుకుని మిషన్ కిందకి వంగాడు. నిన్న తనే నూనె రాసి బిగించిన బోల్టులవి. గోటితో తిప్పినా ఊడొస్తాయి. ఆయన కాసేపు ఊరికే స్క్రూడ్రైవరు చప్పుడు చేసి, చెమటలు కక్కుతూ లేచాడు.

"ఆగండాగండి. రావట్లేదండీ. తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. బలవంతంగా విప్పితే ఇనుము పగిలిపోద్ది."

"అయ్యయ్యో, పగలగొట్టకండి, అమ్మది!" అని అక్క మిషన్ని రెండు చేతులా పట్టేసుకుంది.

చెల్లెలు నమ్మలేదు. వంగి, కింద చెయ్యిపెట్టి బోల్టు తడిమింది. ఆగండాగండిగారి పైప్రాణాలు పైనే పోయాయి. బయటికొచ్చిన వేలినిండా కొత్త నూనె. ఆవిడ ఆ వేలి వంక చూసింది, ఆయన వంక చూసింది, మిషన్ని వదలకుండా నిలబడ్డ అక్క వంక చూసింది. వేలు సంచీకి తుడిచేసుకుంది.

"అవునక్కా, అస్సలు కదలట్లేదు," అంది. "ఇంకేం చేస్తాం, నీ ఇంట్లోనే పెట్టు. కుట్టుకోవడానికి నేనే వస్తుంటాను."