దొరగారి మూడు వందల ఏళ్ల కాలిబాట

ఓక్ చెట్టు మీద సొలాంజ్ రబియే వేసిన పసుపు గీతను ఎవరో గోకేసి, ఆ చోట ఇంటూ గుర్తు పెట్టారు.

గీత అంటే దారి ఇటే అని. ఇంటూ అంటే ఇటు రావద్దని. నడక దారుల మీద తిరిగేవాళ్లు పెళ్లాం మాటైనా దాటతారు గానీ ఈ గుర్తుల మాట దాటరు. గుర్తు పెట్టినవాడు రంగు కారకుండా, అంచులు చక్కగా దిద్ది మరీ పెట్టాడు. సొలాంజ్‌కు అదే ఎక్కువ మంట పుట్టించింది. పోకిరీ పని అయితే తిట్టి ఊరుకునేది. ఇది శ్రద్ధగా చేసిన వెధవ పని.

ముందు రోజే లిల్ నగరం నుంచి వచ్చిన ఓ ముసలి జంట ఆ ఇంటూను నమ్మి పక్కకు తిరిగింది. రెల్లు దుబ్బుల్లో మోకాళ్ల దాకా దిగబడి, చీకటి పడుతుండగా సొలాంజ్ నడిపే కఫేకి చేరింది. "మీ దారి చాలా సహజంగా ఉంది మదామ్" అన్నాడు భర్త, బూటులోంచి నీళ్లు వంచుతూ. భార్య అసలు భర్తతోనే మాట్లాడటం లేదు.

బ్రిసోల్ గ్రామంలో చర్చి దగ్గర మొదలై, మూడు చెరువులు చుట్టి, సన్యాసులు కట్టిన పాత ప్రార్థనామందిరం శిథిలాల పక్కగా గట్టెక్కి, మళ్లీ ఊళ్లోకి వచ్చే దారి అది. ఆ దారికి మొదలూ చివరా సొలాంజ్ కఫేనే. నడిచేవాళ్లు రాకపోతే ఆమెకు మిగిలే ఖాతాదారులు ముగ్గురు: మేయరు, నెలకోసారి వచ్చే ఫాదరు, మేయరుగారి కుక్క. ముగ్గురిలోకీ ఎక్కువ తినేది కుక్కే.

మర్నాడు తెల్లవారకముందే ఆమె మందిరం గోడ వెనక నక్కింది. వెలుతురు రాగానే బ్రష్షూ డబ్బా పట్టుకుని ఓ మనిషి ఈల వేసుకుంటూ వచ్చాడు. చెరువుల కాపలాదారు ఫుల్బెర్. ఆమెతో కలిసి ఒకే బడిలో చదివినవాడు.

"ఏం ఫుల్బెర్, బొమ్మలేయడం ఎప్పుడు నేర్చుకున్నావ్?"

బ్రష్షు కింద పడింది. "సొలాంజ్! గుండె ఆగిపోయేదే!"

"ఆగనీ. దానికీ ఓ ఇంటూ పెడతా."

"నన్నంటావేంటి? దొరగారు చెయ్యమన్నారు, చేస్తున్నా."

"దూకమంటే దూకుతావా?"

"ఎక్కడికని అడుగుతా ముందు" అన్నాడు ఫుల్బెర్ నిజాయితీగా.

దొరగారంటే అర్మాన్ పుస్తియే. పారిస్ శివార్లలో పరుపులు అమ్మి కోటీశ్వరుడై, ఎనిమిదేళ్ల కిందట ఇక్కడి కోట కొన్నాడు. కోటతో పాటు ఓ చెరువు, వేలంపాటలో దొరికిన తైలవర్ణ చిత్రాలు, వాటిలో మీసాలతో ఉన్న పూర్వీకులు కూడా వచ్చారు. ఆ తర్వాత పేరు చివర, పాత జమీందారీ వంశాల తరహాలో, 'ద బ్రిసోల్' అని కూడా వచ్చి చేరింది. అది ఎక్కడ కొన్నాడో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు దొరగారికి ఆ గట్టు మీది కాలిబాట కావాలట. పల్లె జనం బురద కాళ్లతో తన చెరువు పక్కన సాండ్‌విచ్‌లు తింటుంటే పూర్వీకుల ఆత్మలు క్షోభిస్తున్నాయట. బాట గ్రామానిది. కానీ ఎవరూ నడవని బాటను గ్రామం అమ్మేయొచ్చని చట్టం. అమ్మడానికి మేయరు సిద్ధం. ఎదురుగా మంచి వైన్ సీసా ఉంటే మేయరు తన మరణ ధ్రువీకరణ పత్రం మీదైనా సంతకం పెడతాడు. నిజంగా ఎవరూ నడవడం లేదా అన్నది చూసి తేల్చడానికి శనివారం విచారణాధికారి వస్తున్నాడు.

"గట్టు పోతే దారి రెండు ముక్కలవుతుంది" అంది సొలాంజ్. "దారి పోతే నా కొట్టు మూత. అది తెలిసే బ్రష్షు పట్టావా?"

ఫుల్బెర్ బూట్ల వంక చూసుకున్నాడు. "తెలుసు. అందుకే నీకు ఎదురు పడకుండా పొద్దున్నే వస్తున్నా."

"ఎంత సంస్కారం! మరి చేపల పట్టుబడి సంగతి? ఈ వారమేగా?"

"పై వారానికి మార్చారు. శనివారం గట్టు మీద ఒక్క పురుగు కూడా కనపడకూడదంట."

సొలాంజ్ చెరువు వైపు చూసింది. ఏటా శరదృతువులో తూము తీసి చెరువును కొన్ని రోజుల పాటు మెల్లగా ఖాళీ చేస్తారు. నీరంతా పోయి చేపలు తూము దగ్గరి గుంటలోకి చేరాక ఊరు ఊరంతా రబ్బరు బూట్లేసుకుని వల లాగడానికి దిగుతుంది; అదే పట్టుబడి. పిలుపులు ఉండవు. రానివాణ్ణి ఎందుకు రాలేదని ఏడాదంతా అడుగుతారు. ఒకసారి తూము తీశాక ఆ రోజును వాయిదా వెయ్యడం దేవుడి వల్ల కూడా కాదు. చేపలు బురదలో ఊపిరాడక చస్తాయి.

"తూము తీసేది నువ్వేగా?" అంది.

"వద్దు సొలాంజ్. అలా చూడకు. నా ఉద్యోగం పోతుంది."

"పోదు. దొరగారికి స్నానాల తొట్టి బిరడా తప్ప ఇంకేం తీయడం రాదు. తూము చెక్క పాతది, జారిపోయిందని చెప్పు."

"అబద్ధం చెప్పమంటావా?"

"నీ చేతిలో ఉన్న డబ్బాలో ఏముంది మరి, సత్యమా?"

ఆ సాయంత్రమే పాత చెక్క జారిపోయింది.

రెండు రోజుల తర్వాత పుస్తియే గట్టు మీదికి వచ్చి, వెడల్పవుతున్న బురదను చూసి కేకలేశాడు. "ఫుల్బెర్! నా చెరువు ఎక్కడికి పోతోంది?"

"కిందికి మొస్యూ."

"ఆపు!"

"ఆపితే ఉన్న నీళ్లు ఉంటాయి. పోయినవి రావు. పట్టుబడి శనివారమే పెట్టాలి మొస్యూ, లేకపోతే ఆదివారం కంపు మీ పడగ్గదిలోకి కొడుతుంది."

ఆ కబురు విన్న సొలాంజ్ ఊరందరికీ ఉచితంగా కాఫీ పోసింది. ఊరంతా ఆ బాటనే గట్టుకి వెళ్లి వస్తుంటే విచారణాధికారి కళ్లారా చూస్తాడు. ఇక గెలిచినట్టే అనుకుంది.

కానీ పరుపులు అమ్మి పైకొచ్చినవాడు మనిషి బలహీనత ఎక్కడుంటుందో తెలియనివాడు కాదు. గురువారం నాటికి ఊళ్లో గోడలకు కాగితాలు అంటించారు: శనివారం పట్టుబడికి వచ్చేవారందరికీ కోట ముందరి చెట్ల బాట మీదుగా స్వాగతం. గేటు దగ్గర వేడి వైన్ ఇవ్వబడును.

ఊరు ఊగిపోయింది. ఆ గేటు లోపలికి ఎనిమిదేళ్లుగా ఎవరినీ రానివ్వలేదు.

"ఎప్పటిలాగే మందిరం పక్కనుంచి వెళ్దాం మిరేయ్" అని సొలాంజ్ బేకరీ ఆమెను బతిమాలింది. "నీకు పుణ్యముంటుంది. నలుగురు కనపడితే చాలు."

"ఆ బాటలో ఏముందమ్మా, బురద. అదే కోటలో కింది అంతస్తు కిటికీలకి కర్టెన్లు లేవంట!"

"పుట్టినప్పటి నుంచీ నడిచిన దారే అది!"

"అదేగా నేను చెప్పేది. రోజూ చూసే మొగుణ్ణి చూడ్డానికి ఎవరైనా పనిగట్టుకుని పోతారా?"

మేయరు భార్య అయితే ఏకంగా జుట్టు సెట్ చేయించుకుంది, బురదలో చేపలు పట్టడానికి.

శనివారం ఉదయం పొగమంచు. చర్చి ముందు సొలాంజ్ ఒక్కతే నిలబడి ఉంది. దూరంగా కోట గేటు వైపు నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. బస్సు దిగి ఓ చిన్నపాటి మనిషి ఆమె దగ్గరికి వచ్చింది. వెలిసిపోయిన రెయిన్‌కోటు, సొంత రబ్బరు బూట్లు, చేతికర్ర.

"మదామ్ రబియే మీరేనా? ఈ దారి గుర్తులు మీరే పెడతారని మేయరు ఆఫీసులో చెప్పారు. నేను విదలాన్. విచారణాధికారిని."

"మీరు మధ్యాహ్నం వస్తారన్నారు..."

"మధ్యాహ్నం వస్తే ముందు భోజనం పెట్టేస్తారు. ఆ తర్వాత ఏ దారైనా మూసెయ్యొచ్చనిపిస్తుంది. పదండి."

కోటలో మాత్రం బాతు మాంసం అప్పటికే పొయ్యి మీద ఉంది. పన్నెండున్నరకు నల్ల కారులో సూటు వేసుకున్న పెద్దమనిషి దిగుతాడని పుస్తియే నమ్మకం. ఆలోపు వలలు లాగేసి, జనాన్ని వచ్చిన దారినే పంపేసి, ఖాళీ గట్టును చూపించాలని అతని పథకం. ప్రభుత్వాధికారి భోజనానికి ముందు బురదలో కాలు పెడతాడని ఫ్రాన్సులో పుట్టినవాడెవడూ అనుకోడు. అతన్ని తప్పు పట్టలేం.

బాట మీద గడ్డి ఎక్కడా నలగలేదు. కొమ్మ నుంచి కొమ్మకు సాలెగూళ్లు మంచు బొట్లతో మెరుస్తున్నాయి. విదలాన్ ఒక్కో గూడునూ కర్రతో తప్పిస్తూ నడిచింది.

"ఈ దారిలో సాలీళ్లు మాత్రం బాగా తిరుగుతున్నట్టున్నాయి" అంది.

"జనం ఇవాళ అటు వెళ్లారు మదామ్."

"ఎందుకు?"

"వేడి వైన్" అంది సొలాంజ్ నీరసంగా. "మామూలుగా అయితే అందరూ ఇటే. ఒట్టు."

విదలాన్ ఆగి ఆమె వైపు జాలిగానే చూసింది. "మీది కఫే కదా. దారి ఉంటే మీకు లాభం. లాభం ఉన్నవాళ్ల మాట రాసుకుంటాను గానీ, దానికి బరువు తక్కువ. నా కళ్లకి కనిపించింది ఇదీ." కర్రతో ఇంకో సాలెగూడు తప్పించింది.

కఫే కుర్చీలు ఎవరు కొంటారా అని ఆలోచిస్తూ సొలాంజ్ గట్టెక్కింది.

గట్టు మీద ఊరంతా ఉంది. గుంటలో నడుం లోతు నీళ్లలో మగవాళ్లు వల లాగుతున్నారు. కార్ప్ చేపలు వెండి పళ్లేల్లా ఎగిరిపడుతున్నాయి. ఫుల్బెర్ కేకలేస్తున్నాడు. మేయరు భార్య జుట్టు మీద బురద. గట్టు నడుమ, ధర చీటీ కూడా ఊడని ఆకుపచ్చ బూట్లలో, ఈక పెట్టిన టోపీతో పుస్తియే నిలబడ్డాడు. చుట్టూ పారిస్ నుంచి వచ్చిన నలుగురు మిత్రులు.

విదలాన్‌ను చూసి ఆయన చెయ్యి ఊపాడు. "ఏమ్మా, ఊరికే నిలబడకు. ఈ బుట్ట పట్టుకో." ఆమె పట్టుకుంది. బుట్టలో రెండు చేపలు ఆమెను తేరిపార చూశాయి.

మిత్రుల్లో ఒకడు, తానో కోట కొనలేకపోయానన్న కడుపుమంట ఉన్నవాడు, నవ్వాడు. "బాగుంది అర్మాన్. ఇంతమందిని అద్దెకు ఎక్కడ తెచ్చావు? దుస్తులు కూడా ఆ అద్దెకిచ్చినవాళ్లే ఇచ్చారా?"

మిగతా ముగ్గురూ పకపకా నవ్వారు. పుస్తియే మెడ ఎర్రబడింది.

"అద్దెకా! వీళ్లు నా జనం! మూడు వందల ఏళ్లుగా మా గట్టుకి వస్తున్నారు!"

"ఆ గేటులోంచా? దాని మీద రంగింకా ఆరలేదు."

"గేటు సంగతి వదిలెయ్, అది ఇవాళ్టి సరదా. అసలు దారి ఇదిగో!" చెయ్యి చాపి మందిరం పక్క బాటను చూపించాడు. "సన్యాసులు ఈ చెరువు తవ్విన నాటి నుంచి ఊరు నడిచేది దీని మీదే. మా తాతలు ఇక్కడ నిలబడి వీళ్లకి చెయ్యి ఊపేవారు!"

ఊళ్లోవాళ్లు వల లాగడం ఆపి, ఆ తాతలు ఎవరా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇప్పటికీ నడుస్తున్నారా మొస్యూ?" అంది బుట్ట పట్టుకున్న మనిషి.

"నడవకపోవడమేంటమ్మా? ఎండయినా, వానయినా! ప్రతి ఆదివారం నా కిటికీ కిందే. ఆపుదామన్నా ఆగరు!"

ఫుల్బెర్ ఓ చేపను అవసరానికి మించి పరీక్షగా చూస్తున్నాడు.

విదలాన్ బుట్ట దించి, చేతులు కోటుకు తుడుచుకుంది. "క్లెర్ విదలాన్. విచారణాధికారిని. ఈ బాట వాడుకలో లేదని దరఖాస్తు పెట్టింది మీరే కదూ?"

స్ప్రింగు తెగిన పరుపులోంచి వచ్చేలాంటి చప్పుడేదో పుస్తియే గొంతులోంచి వచ్చింది. "మీరు... భోజనానికి..."

"ఇప్పుడు మీరన్నది రాయమంటారా? లేక అదంతా మిత్రుల కోసం చెప్పిన కథ అని రాయమంటారా? మీ ఇష్టం. నాకు రెండూ ఒకటే."

నలుగురు మిత్రులు ఆసక్తిగా ముందుకు వంగారు. పుస్తియే బాట వైపు చూశాడు, మిత్రుల వైపు చూశాడు. ఒక చేతిలో గట్టు, ఇంకో చేతిలో మూడు వందల ఏళ్ల తాతలు. ఒకటే మిగులుతుంది.

"రాయండి" అన్నాడు చివరికి, ఈక సర్దుకుంటూ. "మూడు వందలు అని అంకెల్లో కాకుండా అక్షరాల్లో రాయండి."

బాట గ్రామానికే మిగిలింది. వసంతం వచ్చేసరికి మేయరు దొరగారిని దారి పరిరక్షణ సంఘానికి అధ్యక్షుణ్ణి చేశాడు. ఇప్పుడు ఆదివారం వస్తే చాలు, నడిచేవాళ్లను వెంటేసుకుని ఆయనే చెరువులు చుట్టిస్తాడు. గట్టు దగ్గరికి రాగానే వంశ చరిత్ర మొదలవుతుంది. మొన్నటికి అది వెయ్యేళ్ల కిందటి క్రూసేడు యుద్ధాల దాకా వెళ్లింది. అంతసేపు నిలబడి విన్నవాళ్లు నాలుకలు పిడచకట్టుకుపోయి నేరుగా కఫేలో పడుతున్నారు. సొలాంజ్ కొత్త బల్లలు వేయించింది.

"అదంతా నిజం కాదని ఎవరైనా ఆయనకి చెప్పాలేమో" అన్నాడు మేయరు ఓ సాయంత్రం, కుక్కకు కేకు తినిపిస్తూ.

"చెప్పినవాడికి ఇక్కడ కాఫీ బంద్" అంది సొలాంజ్.