ఏ అంకె ఎవరిదో

కుళాయి తిప్పి, నీళ్లు ఊరికే ఇసుకలోకి పోతుంటే నీళ్లక్క చూస్తూ నిలబడింది. రాత్రంతా పైపులో నిలవున్న నీళ్లు పోయి బోరులోంచి కొత్తనీళ్లు వచ్చేదాకా సీసా పట్టకూడదు. ఎడారిలో చలికాలం. టాంకు స్తంభాల కింద గడ్డిమీద మంచు ఉప్పు చల్లినట్టుంది. నీళ్ల చప్పుడుకు ఊరకుక్కలు చేరి, ఆమె కాళ్ల సందుల్లోంచి దూరి తడి ఇసుకను నాకుతున్నాయి.

పొట్టి మనిషి. భుజాలు వెడల్పు, పిక్కలు సన్నం. ఈ మధ్య చీలమండలు ఉబ్బి, బూట్లకు తాళ్లు కట్టడం మానేసింది. సీసా నింపి, మూత బిగించి, చొక్కా అంచుతో తడి తుడిచి, స్టిక్కరు మీద తేదీ రాసి చల్లపెట్టెలో పెట్టింది. టపా విమానం వచ్చినప్పుడు అది పట్నంలోని ల్యాబ్‌కు పోతుంది. క్లినిక్కులో ఆమె ఉద్యోగమే అది. ఊరి నీళ్లు సీసాలకు పట్టడం, ఊరివాళ్ల రక్తపరీక్షల అంకెలు కంప్యూటర్లోకి ఎక్కించడం, ఆ అంకెలకు అర్థమేమిటో ముసలివాళ్లకు సొంత భాషలో చెప్పడం. పిల్లలు మొదలుపెట్టిన పిలుపు పెద్దలకూ అలవాటై, ఊరందరికీ ఆమె నీళ్లక్క అయిపోయింది.

ఎర్రమట్టి అడుగున రాతిలోంచి ఊరే ఆ నీళ్లలో యురేనియం ఉందని ల్యాబ్ ఏనాడో చెప్పింది. కాచి తాగినా లాభం లేదు. కాస్తే పురుగు చస్తుంది గానీ రాయి చావదు. ఊళ్లో కిడ్నీలు చెడని ఇల్లు లేదు. ఈ రెండింటికీ సంబంధం ఉందా అని అడిగితే మాత్రం, ఊరు చిన్నది, మనుషులు కొద్దిమంది, ఇంతలో ఏం తేలుతుందని ప్రభుత్వం వాళ్లు పెదవి విరుస్తారు. నీళ్లక్క మొగుడు పట్నంలో రక్తం కడిగే కిడ్నీల మిషను పక్కనే పోయాడు. తన రక్తం అంకె కూడా ఆమె తన చేత్తోనే ఎక్కించుకుంది. అది చూసినప్పటినుంచి, పట్నం పొమ్మని క్లినిక్కు నర్సమ్మ పోరుతోంది. పోతే ఇక మిషను పక్కనే బతకాలి, ఊరికి తిరిగి రావడమంటూ ఉండదు. నీళ్లక్క "చూద్దాంలే" అని తప్పించుకుంటోంది.

ఆ పొద్దున యూనివర్సిటీ నుంచి ఇంగ్రిడ్ వచ్చింది. కొట్టు పక్కన, కొమ్మలు కప్పిన పందిరి కింద జనం పోగయ్యారు. ఇదే రాతి నీళ్లు తాగే ఊళ్లన్నిటి అంకెలనూ ఒకచోట చేర్చాలని ఇంగ్రిడ్ కోరిక. అప్పుడు కొద్దిమందే కదా అని ఎవరూ కొట్టిపారేయలేరు. పేర్లు ఉండవు. ఆ అంకెలు చూడాలనుకున్నవాళ్లు ముందు ఈ ఊరి పెద్దల్ని అడగాలి. నీళ్లక్క ఆ మాటల్ని ఊరి భాషలోకి మార్చి చెప్పింది. ఆమె మేనమామ లెస్టర్, ఊళ్లోకెల్లా పెద్ద, మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పింది.

"చిన్నప్పుడు ఒకాయన వచ్చి మా జుట్టు కత్తిరించుకుపోయాడు. తరవాతింకొకాయన రక్తం పట్టుకుపోయాడు. ఏదీ తిరిగి రాలేదు. ఇప్పుడీ పిల్లకి అంకెలు కావాలట," అన్నాడు లెస్టర్. "తరవాత పళ్లు అడుగుతారేమో. అవి నాకెటూ లేవని చెప్పమ్మాయ్."

అందరూ నవ్వారు. ఇంగ్రిడ్ కూడా నవ్వింది. నవ్వనిది గ్లెనిస్ ఒక్కతే. నీళ్లక్కకు ఆడపడుచు. ఆమె కొడుకు పోయి ఏడాది తిరగలేదు. నిప్పుల్లో కాలుతున్న కంగారూ తోకను కర్రతో తిప్పుతూ, తల ఎత్తకుండానే అంది.

"పేరు లేకపోతే మాత్రం? ఆ వయసులో పోయిన కుర్రాడు ఈ ఊళ్లో ఇంకెవడున్నాడు? పోయినవాణ్ణి పేరుపెట్టి పిలవం. వాడి ఫొటో గోడకి తిప్పేశాం. ఇల్లు ఊడ్చి వదిలేశాం. వీళ్లేమో వాణ్ణి దేశమంతా తిప్పుతారట. పోయినవాళ్లని అందులోంచి తీసెయ్, వదినా."

తలలు ఊగాయి. లెస్టర్ తల కూడా ఊగింది. అది మీ హక్కు, తీసేస్తాను అంది ఇంగ్రిడ్. ఆ మాటను నీళ్లక్క ఊరి భాషలోకి మార్చలేదు. గ్లెనిస్ వైపు తిరిగింది.

"తీసేస్తే ఎవరు మిగులుతాం? నడుస్తున్నవాళ్లం మిగులుతాం. మనల్ని చూసి వాళ్లేమంటారు? ఆ ఊళ్లో అందరూ బాగానే ఉన్నారు, ఆ నీళ్లే తాగనివ్వండి అంటారు."

 గ్లెనిస్ తోకను నిప్పుల్లోనే వదిలి లేచి వెళ్లిపోయింది. కన్నతల్లి ఒప్పుకోనిదే ఇందులో తన మాట చెల్లదని లెస్టర్ తేల్చేశాడు. సభ అంతటితో చెదిరింది.

మధ్యాహ్నం క్లినిక్కు గుమ్మంలో గ్లెనిస్ కనబడింది. లోపలికి రాలేదు. చేతిలో రేకు కాగితంలో చుట్టిన తోకముక్క.

"వయసు తీసెయ్యగలవా?"

"ఎవరి వయసూ ఉండదు. చిన్న, నడీడు, పెద్ద, అంతే."

"ఇల్లు?"

"అదీ ఉండదు."

"అయితే ఉంచు. ఏ అంకె వాడిదో నాకు మాత్రం చెప్పకు."

"చెప్పను."

"నీకు తెలుస్తుందిగా."

"తెలుస్తుంది."

గ్లెనిస్ తోకముక్కను గడప మీద పెట్టింది. "ఇంతమందిని ఎలా మోస్తున్నావే?"

"కూచునే కదా మోసేది," అంది నీళ్లక్క.

ఆ తర్వాత ఒక్కొక్క వరుసా తీసుకుని పుట్టినరోజులు చెరిపింది, ఇంటి నంబర్లు చెరిపింది. ఎక్కడైనా ఒక మనిషి విడిగా నిలబడితే పక్క గుంపులో కలిపింది. ఒంటరిగా ఉంటే ఎవరో తెలిసిపోతారు. ఈ వరుస గుర్రాల్ని మచ్చిక చేసిన మనిషిది. ఈ వరుస చర్చిలో పాడే పెద్దమ్మది. ఏడాదేడాదికీ దిగుతూ వచ్చి ఆగిపోయిన ఈ వరుస తన మొగుడిది. గ్లెనిస్ కొడుకు దగ్గరికి వచ్చాక చెయ్యి కాసేపు ఆగింది. వాడు పుట్టినప్పుడు మొదట ఒళ్లోకి తీసుకున్నది ఆమే. వాణ్ణి నలుగురిలో కలిపి, కిందికి జరిగింది. తన వరుస వచ్చినప్పుడు ఆగలేదు.

ఫైలు వెళ్లిపోయింది. సేకరించినవాళ్ల పేర్లలో నీ పేరు వేయమంటావా అని ఇంగ్రిడ్ అడిగితే సిగ్గుపడి, వేస్తే పెద్ద అక్షరాల్లో వెయ్యమంది. ఇంగ్రిడ్‌ను సాగనంపి వచ్చి, తనూ రేపు టపా విమానంలో పట్నం పోతానని నర్సమ్మతో చెప్పింది. నర్సమ్మ నమ్మలేక మళ్లీ అడిగింది. "తోక తినేసి పోతానమ్మా," అంది.

చలికాలమైనా ఇంటిముందు నిప్పు పక్కనే పడుకోవడం ఆమెకు అలవాటు. తెల్లారాక నర్సమ్మ వెళ్లేసరికి దుప్పటి ముఖం దాకా కప్పుకుని ఉంది. కుక్కలు ఆమెను ఆనుకుని పడుకున్నవి లేవలేదు. నిప్పు ఆరిపోయింది. విమానం వచ్చి, నీళ్ల సీసాలు ఎక్కించుకుని వెళ్లిపోయింది.

ఆమె బట్టలు కాల్చేశారు. ఇల్లు ఊడ్చి వదిలేశారు. కొట్టులో పనిచేసే పిల్లది కూడా ఆమె అసలు పేరే. ఆ పిల్లను ఆ రోజునుంచి వేరే పేరుతో పిలుస్తున్నారు. నీళ్లక్క అనే పిలుపు కూడా ఆగింది. కొన్నాళ్లకు ఇంగ్రిడ్ ఫోన్ చేసి, సేకరించినవాళ్లలో వేసిన ఆమె పేరును ఏం చేయమంటారని అడిగింది. నర్సమ్మ ఆ ఫోనును పందిరి కిందికి తీసుకెళ్లింది.

"పేరు తీసెయ్యమను," అన్నాడు లెస్టర్.

మరి అంకె అని నర్సమ్మ అడిగింది. లెస్టర్ గ్లెనిస్ వైపు చూశాడు. గ్లెనిస్ కర్రతో నిప్పుల్ని కదిపింది.

"ఉంచమను. పోయినవాళ్లలోకి మార్చమను."

ఆమె నడిపిన క్లినిక్కు బండి ఆమె సొంతం కాదు గనుక కాల్చలేదు. ఆకులు తగలబెట్టి లోపలంతా పొగపెట్టి వదిలేశారు. కొత్తగా పనిలో చేరినవాడు ఆరడుగులవాడు. తల పైకప్పుకు కొట్టుకుంటున్నా మెడ వంచి నడుపుతాడు గానీ, స్టీరింగు మీదుగా దారి కనబడాలని ఎవరో సీటు మీద వేసుకున్న ఆ పూలదిండును మాత్రం తీయలేదు. దుమ్ముపట్టి, మధ్యలో నలిగి, అది ఇంకా అక్కడే ఉంది.