గురువారం మధ్యాహ్నం క్లాసు

రోనా మకాలే స్కాట్లండ్‌లోని డండీలో తత్వశాస్త్రం, సమాజశాస్త్రం కలిపి డిగ్రీ చదువుతోంది. రెండో ఏడాదికి ఎంచుకోవాల్సిన పాఠ్యాంశాల్లో ఒక్కటే మిగిలింది. ఇటు తత్వశాస్త్రం వాళ్ళ ‘శిక్ష, క్షమ’. అటు సమాజశాస్త్రం వాళ్ళ ‘జైలు, సమాజం’. రెండూ గురువారం మధ్యాహ్నమే కాబట్టి ఒకటే తీసుకోగలదు. రెండోది ఊరవతల జైల్లోనే జరుగుతుంది, విద్యార్థులూ ఖైదీలూ ఒకే గదిలో కూర్చుని చదువుకుంటారు.

“ఇందులో ఆలోచించేదేముంది? జైలుకే పోదాం,” అంది స్నేహితురాలు కిర్‌స్టీ.

రోనా తమ్ముడు స్ట్రువన్ ఆ జైల్లోనే ఉన్నాడు. తాగి కారు నడిపి ఒకాయనను గుద్దాడు, ఆయన కాలు పోయింది. తమ్ముడు సముద్రంలో చమురు బావుల దగ్గర పనిచేస్తున్నాడని రోనా అందరికీ చెప్పుకొచ్చింది.

“లోపల మీవాళ్ళెవరైనా ఉంటే ముందే చెప్పండి. ఒకే కుటుంబం వాళ్ళు ఇద్దరు ఆ తరగతిలో ఉండకూడదు,” అని సలహాదారు డాక్టర్ ఇమ్రీ అందరికీ చెప్పాడు.

శనివారం రోనా తమ్ముణ్ణి చూడటానికి జైలుకెళ్ళింది.

“ఒరేయ్, గురువారాలు ఇక్కడికి క్లాసుకి రావాలనుకుంటున్నా.”

స్ట్రువన్ చాక్లెట్ కాగితాన్ని మడిచాడు. “దానికి నేనూ పేరిచ్చాను,” అన్నాడు.

“నువ్వా? పుస్తకం చూస్తే ఆవలించేవాడివి కదరా.”

“ఇప్పుడూ ఆవలిస్తాను. కానీ ఇక్కడ తిన్నావా, పడుకున్నావా అనడమే తప్ప ఇంకేమీ అడగరు. ఆ క్లాసులో నువ్వేమనుకుంటున్నావని అడుగుతారట.” కాగితం పక్కన పెట్టి, “నీకు కావాలంటే నేను మానేస్తాలే. నీ చదువది,” అన్నాడు.

తిరుగు బస్సులో రోనాకు వాడి మీద కోపమొచ్చింది. ఆ కోపం తగ్గాక సిగ్గేసింది. ఖైదీ అక్కగా కాక, విద్యార్థినిగా ఆ గేటు దాటితే తలెత్తుకుని వెళ్ళొచ్చు. తనకు కావలసింది చదువు కాదు, అదేనని తెలిసొచ్చింది.

సోమవారం ఇమ్రీ దగ్గరకెళ్ళి ‘శిక్ష, క్షమ’ తీసుకుంటానంది.

“నీ మనసు జైలు మీద ఉందనుకున్నానే?”

“ఉందండీ. కానీ అక్కడ మా తమ్ముడు చదువుకోబోతున్నాడు.”

ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదటిసారి. ఇమ్రీ తలూపాడు. “సరే, మంచిది,” అని ఆమె పేరు ‘శిక్ష, క్షమ’ జాబితాలో రాసుకున్నాడు.

నవంబరులో ఒక గురువారం కిర్‌స్టీ జైలు నుంచి తిన్నగా రోనా గదికొచ్చింది.

“ఇవాళ స్ట్రువన్ అని ఒకడు మాస్టారినే నిలదీశాడు. ‘నేను కారుతో గుద్దిన మనిషి నన్ను క్షమిస్తే నా శిక్ష తగ్గాలా, వద్దా?’ అని.”

రోనా టీ కప్పు కింద పెట్టింది. “వాడు మా తమ్ముడే.”

“చమురు బావులన్నావు?”

“అబద్ధం చెప్పాను.”

కిర్‌స్టీ కిటికీ వైపు తిరిగి బయట వాన చూసింది. “ముందే చెప్పాల్సింది,” అంది. ఆ తర్వాత, “ఇంతకీ నువ్వేమంటావు? తగ్గాలా?” అని అడిగింది.

“తగ్గకూడదనే అనుకుంటున్నా. మా క్లాసులో సగంమంది తగ్గాలంటారు. నాకింకా తేలలేదు.”

కిర్‌స్టీ తడి కోటు విప్పి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“ఎందుకు తగ్గాలంటారు? చెప్పు,” అంది.