తాయారమ్మగారు గాజుతొట్టెను శుద్ధి చేసిన విధము

ఫాల్గుణమాసాంతమున మధ్యాహ్నమార్తాండుని ప్రచండకిరణపరంపరలకు విజయనగరపు వీథులు నిర్జనములై యుండగా నుగాది పండుగ కొరకు గడపలు కడుగు నీటిచప్పుడును బూజు దులుపు కఱ్ఱల చప్పుడును మాత్రమే యింటింట వినవచ్చుచుండెను. లేత వేపపూత పరిమళము గోడలు దాటి గదులలోనికి జొరబడుచుండెను. అట్టి వేళ కోటకు దక్షిణముననున్న యొక సందులోని డాబాయింట తాయారమ్మగారను శ్రీవైష్ణవగృహిణి నడుమునకు కొంగు బిగించి యొంటిచేతిమీద నిల్లంతయు శుద్ధి చేయుచుండెను.

ఈమె శుచిత్వమును వర్ణింపబూనిన గ్రంథము పెరుగును. అరటిపండును సైతము తొక్క కడిగిన పిదపనే యొలుచు నిల్లాలు. ఇంతటి మడిమనిషి యింట చేపలతొట్టె యెట్లు వెలసెనని చదువరులు ముక్కున వ్రేలు వేసికొనవచ్చును. దానికి కారణము కోడలు మణిమంజరి. గడచిన వర్షర్తువున నా చిన్నదానికి కడుపు పోయెను. నాటినుండి యామె పిలిచిన పలుకుటయు పెట్టిన తినుటయు తప్ప తనంత నోరు విప్పి యెఱుగదు. మగడు విశాఖలోని యుద్యోగమునకు ప్రొద్దున పోయి ప్రొద్దుగ్రుంకి వచ్చువాడు. ఇంట మిగిలినవారీ యత్తాకోడండ్రే. ఒకనాడు బజారులో నొక యంగడి యెదుట నిలిచి యచ్చటి రంగురంగుల మీనములను చూచి "మనింట్లో పెట్టుకుందామా అత్తయ్యా?" యని మణిమంజరి యడిగెను. అన్ని నెలలకు నామె కోరిన కోరిక యదియొక్కటే. తాయారమ్మగారు మారుమాటాడక సరే యనెను.

కోడలా గాజుతొట్టెను కాపురము దిద్దుకొన్నట్లు దిద్దుకొనెను. ఒకదాని జోలికొకటి పోని సాధుజాతులనే యేరి తెచ్చి పైనీట విహరించు గప్పీలను నడిమినీట గుంపువిడువని నియాన్ టెట్రాలను అడుగునిసుకలో మీసములు దువ్వుకొనుచు తిరుగు కోరీచేపలను నందు నివసింపజేసెను. మూలనున్న ఫిల్టరు నీటిని పీల్చి స్పాంజిగుండ వడగట్టి మరల విడుచుచు రేయింబవళ్లు గుళగుళలాడుచుండెను. "ఈ టెట్రాలు ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకుంటాయి అత్తయ్యా, అందుకే గుంపుగా తెచ్చాను" అని యామె తనంత చెప్పుట మొదలుపెట్టెను. అత్తగారికి చేపలపై నిసుమంతయు మమకారము లేదు. ఐనను ఆ మాటల కొరకు నిత్యము తొట్టెప్రక్కన పీట వేసికొని కూర్చుండెడిది.

అట్టి మణిమంజరి పుట్టింట శుభకార్యమునకు పోవుచు చేపలకు చిటికెడు మేత వేసిన చాలునని మరిమరి చెప్పిపోయెను. నేటి సాయంకాలపు రైలునకు తిరిగి వచ్చుచున్నది. చిటికెడు మేతతో నూరకుండిన నీ కథయే లేకపోవును. కాని పండుగశుద్ధి యా మూలకు పోక మానునా! తాయారమ్మగారు ఫిల్టరు మూత తీసి చూచునప్పటికి స్పాంజి గోధుమవన్నె పాచి పట్టి జిగటజిగటగా నుండెను.

"ఛీ ఛీ, ఇదేం పాచి తల్లీ! ఇందులోంచి వచ్చిన నీళ్లా పాపం ఇవి తాగుతున్నాయి?" అని యామె చీదరించుకొని కోడలు వచ్చి చూచి సంతోషింపవలెనను నుత్సాహమున కుంకుడుకాయలు కొట్టి వేడినీట పిసికి యా రసముతో స్పాంజిని తెల్లబడుదాక నలిపి తొట్టెలోని గులకరాళ్లను సైతము రుద్ది సగము నీరు పారబోసి కొళాయినీరు నింపి తన చేతిచలువకు తానే మురిసి భోజనమునకు లేచెను. నురుగంతయు పోయినదనియే యామె నమ్మకము. అదెక్కడ పోవును!

భోజనమైన పిమ్మట తమలపాకునకు సున్నము రాయుచు తల యెత్తి చూచెను గదా చేపలన్నియు నీటియంచునకు వచ్చి నోళ్లు తెరచి యెగరోజుచుండెను. అడుగు విడువని కోరీలు సైతము పైకి దుమికి మరల పడుచుండెను. తాయారమ్మగారు తమలపాకు విసరివైచి లేచెను. చేపలు పోయిన మరల కొనవచ్చును. ఆ పిల్ల గడపలో కాలు పెట్టుచునే చచ్చి తేలిన వీనిని చూచిన మరల నెన్నటికి నోరు విప్పును? విప్పునో విప్పదో యెవరు చెప్పగలరు? వెనుకసందులో నుద్యోగవిరమణము చేసిన డ్రిల్లు టీచరు అప్పలనరసమ్మగారికి నొక తొట్టె యున్నదని జ్ఞప్తికి వచ్చి చేతికందిన బిందెలోనికి తొట్టెనీటితోడ చేపలను ముంచుకొని చెప్పులు లేని కాళ్లతో నెండలో పరుగెత్తెను. ఆ బిందె తన మడినీళ్ల బిందె యను స్పృహయే యామెకు లేదు.

పలుకరింపు లేక లోనికి జొరబడి యా తొట్టెలోనికి బిందె వంచబోవుచుండగా "ఆగండి!" యని యొకప్పుడు బడిమైదానమంతయు మారుమ్రోగించిన కంఠ మొకటి యామె చేతులను బిగియబట్టెను.

"ఏటండమ్మా, అందులో పోసేస్తారేటి! అదిగో ఆ మూల నక్కినోడు ఆస్కారు చేప. నోట్లో పట్టిందల్లా మింగేస్తాడు. ఈ బుల్లి చేపలు ఆడికో గుక్కకి సరిపోవు. ముందు ఏటయిందో చెప్పండి."

తాయారమ్మగారు జరిగినది చెప్పెను. అప్పలనరసమ్మగారు నెత్తి కొట్టుకొనెను.

"కుంకుడురసమా! చేపల మొప్పలకి అది విషమండీ బాబూ. ఆ పాచిలో కంటికి కనబడని జీవాలుంటాయి. చేపలు విడిచిన మలినంలో విషాన్ని విరిచేసేవి అవే. కొత్త తొట్టెలో అవి కూడుకోడానికే వారాలు పడతాది, తొందరపడి చేపల్నేస్తే బతకవు. మీరు మురికనుకుని ఆటినే కడిగేసినారు."

"బతుకుతాయా?" యని తాయారమ్మగారు చేతులు జోడించెను. "సాయంత్రానికి నా కోడలొస్తుందమ్మా. ఇవి పోతే ఆ పిల్ల మళ్లీ రాయైపోతుంది. నాకు భయంగా ఉంది."

"ఏడుపులు తరవాత. పదండి."

డ్రిల్లు టీచరు పెరటిడ్రమ్ములో బ్లీచింగు వాసన పోవుటకు నిలువజేసిన నీరుండెను. చేపలను మెల్లగా నా నీరు నింపిన బకెట్టులోనికి మార్చి బిందె కడిగిన పిదప నామె తన ఫిల్టరులోని నల్లబడిన స్పాంజిని వెలికి తీసి కత్తెరతో సగము కోసి తాయారమ్మగారివైపు సంకోచముతో చూచెను. "ఇది తడారకుండా మా తొట్టెనీళ్లలోనే తీసుకెళ్లాలి. మీది మడిబిందెలా ఉంది…"

"మడీ లేదు గిడీ లేదు, ఇందులో వెయ్యండి!" యని తాయారమ్మగారు బిందెను ముందునకు చాచెను. ఔరా! నలుబదియేండ్ల యాచార మొక్క మాటతో తొలగిపోయెను.

తాయారమ్మగారింట నా యిద్దరు స్త్రీలు తొట్టెలోని కుంకుడునీటి నంతయు తోడి పారబోసి రాళ్లు పలుమారు జాడించి డ్రమ్మునుండి మోసి తెచ్చిన నిలువనీరు నింపి యా నల్లని స్పాంజిని ఫిల్టరులో నమర్చి చేపలను విడిచి తొట్టెయెదుట కూర్చుండిరి. చాలసేపు వానిలో మార్పు కానరాలేదు. పిమ్మట నొక టెట్రా పైయంచు విడిచి నడిమికి దిగెను. దాని వెనుక గుంపంతయు దిగెను. కోరీ యొకటి యిసుకలో మీసములు కదల్చుట చూచి తాయారమ్మగారు "హమ్మయ్య! బతికించావు తల్లీ!" యని టీచరుగారిని కౌగిలించుకొని పసిపిల్లవలె నేడ్చెను.

ప్రొద్దు వాలునప్పటికి మణిమంజరి వచ్చెను. చేపలన్నియు సుఖముగా నుండుట చూచి నవ్వి ఫిల్టరులోని స్పాంజి తనది కాదని కనిపెట్టి యేమిటని యడిగెను. అత్తగారు కుంకుడుకాయ మొదలుకొని యంతయు చెప్పి తల వంచుకొనెను. కోడలు తొట్టెప్రక్కనున్న పీటపై కూర్చుండెను.

"నేను మొదట తెచ్చినవి ఇవి కావత్తయ్యా," యని మెల్లగా ననెను. "తొట్టె పెట్టిన రోజే చేపల్ని వేశాను. అన్నీ చచ్చిపోయాయి. మీరు చూడకుండా వేరేవి తెచ్చి పెట్టాను. నా చేతిలో ఏ ప్రాణమూ నిలవదని మీరనుకుంటారేమోనని."

ఆ పిల్ల యిన్ని నెలలుగా మ్రింగుచు వచ్చిన మాట యేదో తాయారమ్మగారికిప్పుడు తెలిసినది.

"పిచ్చిపిల్లా! నీ చేతికేం లోపం లేదే. కొత్త నీటికి ఇంకా బలం కూడలేదు, అంతే. దానికి కొంత కాలం పడుతుందిట. ఆ టీచరమ్మ చెప్పింది."

మణిమంజరి యత్తగారి యొడిలో తల దూర్చి నాటి వర్షర్తువున నేడువని యేడుపంతయు నేడ్చెను. తాయారమ్మగారామె కన్నీరు తుడువలేదు. కంటికి కానరాని మేలు నెమ్మదిగా కూడుకొను చోట నెవరును చేయి పెట్టరాదని యామె కానాడే తెలిసియుండెను గావున తల నిమురుచు నూరకుండెను.